గ్లూకోజ్ బయోఫ్యూయల్ సెల్: వోల్టేజీ కనిపిస్తోంది, లోడ్ పెడితే కూలిపోతోంది

ప్రశ్న: పిఠాపురం_బయోటెక్

నమస్కారమండి. కాకినాడలో బయోటెక్నాలజీ చివరి సంవత్సరం ప్రాజెక్టుకి ఎంజైములతో నడిచే గ్లూకోజ్ సెల్ కడుతున్నాం. ఇప్పుడున్న అమరిక చెబుతాను.

ఆనోడ్‌కి 2×2 సెం.మీ. కార్బన్ ఫెల్ట్ ముక్క తీసుకున్నాం. ఆస్పర్‌జిల్లస్ నైజర్ నుంచి తీసిన గ్లూకోజ్ ఆక్సిడేజ్, మిల్లీగ్రాముకి 100 యూనిట్ల సరుకు, 10 మి.గ్రా. అర మి.లీ. బఫర్‌లో కలిపి ఫెల్ట్ మీద చుక్కలుగా వేసి ఫ్యాను కింద ఆరబెట్టాం. కాథోడ్‌కి అదే సైజు ఫెల్ట్, మీద ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్లు అందించే ఎంజైము, ట్రామెటీస్ వెర్సికలర్ లాకేజ్, 10 మి.గ్రా. రెండూ ఒకే బీకరులో. 100 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్ 0.1 మోలార్, పీహెచ్ 7కి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సరిచేశాం. గ్లూకోజ్ 100 మిల్లీమోలార్, అప్పటికప్పుడు కలిపినది. మీడియేటర్‌గా, అంటే ఎంజైము నుంచి ఎలక్ట్రోడ్‌కి ఎలక్ట్రాన్ మోసే మధ్యవర్తిగా, పొటాషియం ఫెర్రిసయనైడ్ 5 మిల్లీమోలార్ ద్రావణంలోనే కలిపాం. ఫెల్ట్‌కి క్రొకడైల్ క్లిప్పులు పెట్టి వైర్లు తీశాం.

లోడ్ లేకుండా 0.31 వోల్టులు చూపిస్తోంది. 1 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే 2 నిమిషాల్లో 0.05కి పడిపోతోంది.

అడగాలనుకున్నవి: ఎంజైము రెట్టింపు వేస్తే కరెంటు పెరుగుతుందా? గ్లూకోజ్ బదులు కోనసీమ బొండం నీళ్ళు వాడొచ్చా? ఎంజైమును పట్టి ఉంచడానికి రొయ్య పొట్టు కైటోసాన్, ఎలక్ట్రోడ్‌కి కొబ్బరి చిప్ప బొగ్గు పనికొస్తాయా? చివరికి భీమవరం వైపు చెరువు గట్టు మీద ఒక టెంపరేచర్ సెన్సర్ నడపాలని మా ఆలోచన.

జవాబు: గౌతమి_ఎలక్ట్రోకెమ్

ఎంజైము రెట్టింపు చేయకండి, డబ్బు దండగ. లెక్క చూడండి. 1 యూనిట్ అంటే నిమిషానికి 1 మైక్రోమోల్ గ్లూకోజ్‌ని ఆక్సీకరించే ఎంజైము. ఒక్కో గ్లూకోజ్ అణువు 2 ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఫారడే స్థిరాంకం 96,485తో గుణిస్తే 1 యూనిట్‌కి 3.2 మిల్లీఆంపియర్లు. మీరు వేసింది 1000 యూనిట్లు, అంటే కాగితం మీద 3.2 ఆంపియర్లు. వస్తున్నది 1 కిలోఓమ్ మీద 0.05 వోల్టులు, అంటే 50 మైక్రోఆంపియర్లు. ఇంధనం లెక్కా అంతే. 100 మి.లీ.లో 0.01 మోల్ గ్లూకోజ్ ఉంది, అందులో 1930 కూలుంబుల విద్యుదావేశం. 50 మైక్రోఆంపియర్ల చొప్పున తీస్తే ఏడాది దాటినా అయిపోదు. ధవళేశ్వరం బ్యారేజీ నిండా నీళ్ళున్నా పిల్లకాలువ పూడిపోతే చేను తడవదు కదండీ, మీ సెల్ పరిస్థితి అదే. చక్కెరా ఉంది, ఎంజైమూ ఉంది. ఎలక్ట్రాన్ ఎంజైము లోపలి నుంచి కార్బన్‌కి చేరే దారి లేదు, కాథోడ్‌కి ఆక్సిజన్ అందే దారి లేదు. ఈ రెండూ సరిచేస్తే మిగతావి చిన్నవి.

ముందు ఒక అనుమానం తీర్చుకోండి. ఆ 0.31 వోల్టులు గ్లూకోజ్ వల్లే వస్తున్నాయా? క్రొకడైల్ క్లిప్ ద్రావణానికి తగిలినా, ఫెల్ట్ నీటిని పైకి పీల్చి క్లిప్‌ని తడిపినా, ఆ లోహం తుప్పు పడుతూ అచ్చం బయోఫ్యూయల్ సెల్‌లాగే వోల్టేజీ ఇస్తుంది. గ్లూకోజ్ లేకుండా అదే అమరికను ఒకసారి, మరిగించి చంపిన ఎంజైముతో ఇంకోసారి కొలవండి. రెండిట్లోనూ 0.25 పైన వస్తే మీరు కొలుస్తున్నది గ్లూకోజ్‌ని కాదు, బహుశా క్లిప్పుని. దీనికి మందు: ఎలక్ట్రోడ్‌కి 5 సెం.మీ. పొడవు తోక వదిలి కత్తిరించండి. తోక మధ్యలో ఒక సెంటీమీటరు మేర కరిగించిన కొవ్వొత్తి మైనం ఇంకించండి, నీరు ఆ పైకి ఎక్కదు. క్లిప్ మైనానికి పైనున్న పొడి భాగానికి పెట్టండి. క్లిప్ కంటే టైటానియం తీగ మెరుగు.

ఇక మీడియేటర్. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌లో పనిచేసే భాగం ఎఫ్‌ఏడీ. అది ప్రోటీను గుల్లలో లోతుగా ఉంటుంది, కార్బన్‌కి నేరుగా ఎలక్ట్రాన్ ఇవ్వలేదు. మధ్యవర్తి కావాలి. ఫెర్రిసయనైడ్‌తో మూడు చిక్కులు. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌తో దాని చర్య నెమ్మది. దాని పొటెన్షియల్ సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్సు (కొలతకి ప్రమాణంగా పెట్టే ఎలక్ట్రోడ్) మీద 0.2 వోల్టుల చుట్టూ ఉంటుంది. ఆనోడ్ పొటెన్షియల్ ఎంత దిగువన ఉంటే అంత మంచిది కాబట్టి ఇక్కడే వోల్టేజీ పోతోంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: అది బీకరంతా తిరుగుతోంది, కాథోడ్‌నీ తాకుతోంది. రెండు ఎలక్ట్రోడ్లూ ఒకే మీడియేటర్‌ని చూస్తుంటే వాటి మధ్య తేడా ఎలా నిలుస్తుంది? మీడియేటర్ ఎలక్ట్రోడ్‌కే అంటుకుని ఉండాలి.

నేనైతే ఇలా కడతాను. మందపాటి ఫెల్ట్ వదిలేసి పలుచటి కార్బన్ క్లాత్ తీసుకోండి. ఐసోప్రొపనాల్‌లో 10 నిమిషాలు, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో. కొత్త కార్బన్ గుడ్డ నీటిని అంటనివ్వదు; ఇది చేయకపోతే ఎంజైము పైపైనే ఆరి మొదటి గంటలోనే ఊడిపోతుంది. మల్టీవాల్ కార్బన్ నానోట్యూబులు మి.లీ. ఐసోప్రొపనాల్‌కి 5 మి.గ్రా. చొప్పున బాత్ సోనికేటర్‌లో 30 నిమిషాలు కలపండి. చ.సెం.మీ.కి 100 మైక్రోలీటర్లు, ఒకేసారి పోయకుండా నాలుగైదు పూతలుగా, ప్రతి పూతా ఆరాక. దాని మీద 1,4-నాఫ్తోక్వినోన్, అసిటోన్‌లో 10 మిల్లీమోలార్, అంటే మి.లీ.కి 1.58 మి.గ్రా., చ.సెం.మీ.కి 20 మైక్రోలీటర్లు. ఇది చర్మానికీ కళ్ళకీ మంచిది కాదు, గ్లవ్స్ వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లో పనిచేయండి. నీటిలో పెద్దగా కరగదు, నానోట్యూబులని గట్టిగా పట్టుకుంటుంది. పొటెన్షియల్ కూడా ఫెర్రిసయనైడ్ కంటే బాగా దిగువన. అసిటోన్ పూర్తిగా ఆరాకే ఎంజైము వేయాలి, తడి అసిటోన్ ప్రోటీనుని చంపేస్తుంది. ఎంజైము మి.లీ.కి 10 మి.గ్రా., చ.సెం.మీ.కి 40 మైక్రోలీటర్లు, మూత ఉన్న పెట్రీ డిష్‌లో పెట్టి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా వదలండి. ఫ్యాను గాలి వద్దు, మన వేసవి గదిలో అసలే వద్దు.

కాథోడ్‌కి అదే గుడ్డ, అవే నానోట్యూబులు, మీద కాథోడ్ వైపు మీడియేటర్ ఏబీటీఎస్, నీటిలో 10 మిల్లీమోలార్, అంటే డైఅమ్మోనియం లవణం మి.లీ.కి 5.5 మి.గ్రా.; ఆరాక లాకేజ్. ఏబీటీఎస్ పొటెన్షియల్ అదే రిఫరెన్సు మీద 0.47 వోల్టుల దగ్గర ఉంటుంది.

ఆక్సిజన్ సంగతి చెరువుల వాళ్ళకి చెప్పనక్కర్లేదు. 30 డిగ్రీల మంచినీటిలో గాలితో సమతుల్యంలో ఉన్నప్పుడు లీటరుకి 7.5 మి.గ్రా. ఆక్సిజన్, అంటే 0.24 మిల్లీమోలార్. మీ గ్లూకోజ్ 100 మిల్లీమోలార్. నాలుగు వందల రెట్ల తేడా! కదలని నీటిలో కాథోడ్ ముందు 0.3 మి.మీ. నిలవ పొర ఉందనుకుంటే చ.సెం.మీ.కి 70 మైక్రోఆంపియర్లు దాటడం కుదరదు, లాకేజ్ ఎంత వేసినా సరే. కాబట్టి కాథోడ్‌ని ముంచకండి. ఒక వైపు గాలికి తెరిచి ఉండేలా ద్రావణం పైన తేలేటట్టు పెట్టండి. గాలి వైపు ముఖానికి టెఫ్లాన్ డిస్పర్షన్ పలుచగా పూసి ఆరబెడితే నీరు అటు నిండిపోదు. అయితే ఈ పూత, దాన్ని వేడి చేయడం ఎంజైము వేయకముందే అయిపోవాలి.

కొలిచేటప్పుడు ఒక్క 1 కిలోఓమ్‌తో తేల్చకండి. మీ అంకెల ప్రకారం లోపలి నిరోధం సుమారు 5.2 కిలోఓమ్‌లు: 0.26 వోల్టులు పడిపోయాయి, కరెంటు 50 మైక్రోఆంపియర్లు. లోడ్ కూడా దాదాపు అంతే ఉన్నప్పుడే గరిష్ఠ పవర్ వస్తుంది, మీ ప్రస్తుత సెల్‌కి అది 4.6 మైక్రోవాట్లు. లోడ్ లేకుండా అరగంట నిలకడ పట్టనిచ్చి, 1 మెగాఓమ్ నుంచి 470, 100, 47, 22, 10, 4.7, 2.2, 1 కిలోఓమ్‌ల వరకూ దిగండి. ఒక్కోచోట కనీసం 5 నిమిషాలు, వోల్టేజీ మార్పు నిమిషానికి 1 మిల్లీవోల్టు లోపుకి వచ్చేదాకా. తొందరపడితే కెపాసిటెన్సులో దాగిన చార్జిని సెల్ పవర్‌గా రాసుకుంటారు. నానోట్యూబులు వేశాక ఈ మోసం మరీ ఎక్కువ. వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే పవర్. మల్టీమీటర్ సొంత నిరోధం మామూలుగా 10 మెగాఓమ్‌లు కాబట్టి 1 మెగాఓమ్ దగ్గర 10 శాతం దాకా తేడా వస్తుంది, అది సరిచేసుకోండి.

జవాబు: వశిష్ఠ_ఎంజైమ్

పైవారు చెప్పిన దారి సరైనదే. అయితే ఎంజైముల వైపు చూస్తే మీ బఫరే సెల్‌ని సగం చంపేసిందండి.

ట్రామెటీస్ లాకేజ్ ఆమ్ల పీహెచ్‌లో పనిచేసే ఎంజైము. పీహెచ్ 7 దగ్గర దాదాపు పడుకుంటుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌కి 5.5 ఇష్టం, 5 దగ్గరా బాగానే నడుస్తుంది. కనుక ఇద్దరికీ కుదిరేది పీహెచ్ 5. సిట్రేట్-ఫాస్ఫేట్ బఫర్ కలపండి: 0.1 మోలార్ సిట్రిక్ ఆమ్లం 24.3 మి.లీ., 0.2 మోలార్ డైసోడియం ఫాస్ఫేట్ 25.7 మి.లీ., నీటితో 100 మి.లీ. చేయండి. మొదటిదానికి లీటరుకి మోనోహైడ్రేట్ 21 గ్రాములు, రెండోదానికి అన్‌హైడ్రస్ 28.4 గ్రాములు. పీహెచ్ 7 తప్పనిసరి అయితే లాకేజ్ మానేసి మైరోథీసియం వెర్రుకేరియా బిలిరుబిన్ ఆక్సిడేజ్‌కి మారాలి. అది తటస్థ పీహెచ్‌లో, క్లోరైడ్ ఉన్నా పనిచేస్తుంది. ధర మాత్రం ఎక్కువ.

రెండోది క్లోరైడ్. లాకేజ్‌లోని రాగి కేంద్రాలకి క్లోరైడ్ అడ్డుపడుతుంది. మీరు పీహెచ్ సరిచేసింది హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో! ఇకమీదట సిట్రిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో వాడండి. పొటాషియం క్లోరైడ్ నింపిన రిఫరెన్సు ఎలక్ట్రోడ్‌ని గంటల తరబడి ద్రావణంలో వదిలేయకండి, అదీ కారుతుంది. నీళ్ళు కూడా చూసుకోవాలి. సముద్రం దగ్గర ఊళ్ళలో బోరు నీటిలో ఉప్పు ఎక్కువ, బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్ ఏ క్యానుది ఎలా ఉంటుందో తెలియదు. ఏ నీరైనా 5 మి.లీ. తీసుకుని 2 చుక్కలు పలుచని నైట్రిక్ ఆమ్లం, 2 చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేయండి. తెల్లగా మసకబారితే ఆ నీరు వద్దు. ఈ పరీక్ష వట్టి నీటికే చేయండి, ఫాస్ఫేట్ కలిపాక చేస్తే సిల్వర్ ఫాస్ఫేట్ అడ్డొచ్చి ఫలితం గందరగోళమవుతుంది.

మూడోది చాలామంది పట్టించుకోనిది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ బీటా రూపంలో ఉన్న డి-గ్లూకోజ్‌నే తీసుకుంటుంది. డబ్బాలో వచ్చే డెక్స్‌ట్రోజ్ ఎక్కువగా ఆల్ఫా రూపం. నీటిలో కలిపాక అది మెల్లగా మారి, చివరికి సుమారు 36 శాతం ఆల్ఫా, 64 శాతం బీటా దగ్గర నిలుస్తుంది. అప్పటికప్పుడు కలిపిన ద్రావణంలో ఎంజైముకి తిండి తక్కువే దొరుకుతుంది. పైగా గంట గంటకీ రీడింగు పెరుగుతూ పోయి సెల్ తనంతట తాను మెరుగవుతోందన్న భ్రమ కలుగుతుంది. 1 మోలార్ స్టాక్ చేసి రాత్రంతా ఉంచి వాడండి. డబ్బా మీద మోనోహైడ్రేట్ అని ఉంటే 100 మి.లీ.కి 19.8 గ్రాములు, అన్‌హైడ్రస్ అయితే 18 గ్రాములు. బఫర్‌తో కలిపి ఆటోక్లేవ్ చేయకండి, గోధుమ రంగుకి తిరుగుతుంది. 0.22 మైక్రాన్ ఫిల్టరు చాలు.

నాలుగోది పెరాక్సైడ్. బీకరులో గాలి ఉన్నంతసేపూ గ్లూకోజ్ ఆక్సిడేజ్ తన ఎలక్ట్రాన్లని మీడియేటర్‌కి కాక ఆక్సిజన్‌కి ఇవ్వాలని చూస్తుంది. రెండు నష్టాలు: కరెంటు పోతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆ పెరాక్సైడ్ గ్లూకోజ్ ఆక్సిడేజ్‌నీ దెబ్బతీస్తుంది, కాథోడ్ ఎంజైమునీ దెబ్బతీస్తుంది. ఆనోడ్ పూతలో కొంచెం కేటలేజ్ కలిపితే పెరాక్సైడ్ అక్కడికక్కడే విరుగుతుంది. పోయిన కరెంటు తిరిగి రాదు గాని సెల్ ఆయుష్షు పెరుగుతుంది. అసలు పరిష్కారం ఎఫ్‌ఏడీ గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్, దానికి ఆక్సిజన్‌తో పని లేదు. ఇప్పటి గ్లూకోమీటర్ స్ట్రిప్పుల్లో చాలావాటిలో ఉండేది ఇదే. అలాగని స్ట్రిప్పులు గీకి ఎంజైము తీద్దామనుకోకండి, ఒక్కోదానిలో ఉండేది అణుమాత్రం.

బొండం నీళ్ళ మాట. మొదటి సెల్‌కి వద్దు. అందులో గ్లూకోజ్‌తో పాటు ఫ్రక్టోజ్, సుక్రోజ్ ఉంటాయి, గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఆ రెండింటినీ ముట్టదు. పొటాషియంతో పాటు క్లోరైడూ ఉంటుంది, లాకేజ్‌కి అది చేటు. బొండం కొట్టిన కొన్ని గంటల్లోనే సూక్ష్మజీవులు మొదలవుతాయి. తాటి నీరా, చెరకు రసం ప్రధానంగా సుక్రోజ్. ఇన్వర్టేజ్‌తో ముందు విడగొట్టాలి, నీరా అయితే మీరు ఎలక్ట్రోడ్ ఆరబెట్టేలోపే కల్లవుతుంది. అయినా స్థానిక ఇంధనం చూపించాలనుకుంటే ఒక పద్ధతి ఉంది. గ్లూకోజ్ బఫర్‌తో పనిచేస్తున్న సెల్‌లో 10 శాతం బొండం నీళ్ళు కలిపి కరెంటు ఎంత మారిందో చూడండి. పడిపోతే, అంతే క్లోరైడ్ ఉన్న పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో మళ్ళీ చూడండి. రెండింటి తేడా మీ రిపోర్టుకి మంచి అధ్యాయం.

సూక్ష్మజీవులు రాకుండా సోడియం అజైడ్ వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అది లాకేజ్‌నీ కేటలేజ్‌నీ ఆపేస్తుంది, పైగా విషం. ద్రావణం రోజూ మార్చుకోవడం మేలు.

ఎంజైము సీసా గురించి ఒక మాట. ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే మూత విప్పితే మన కోస్తా తేమ అంతా పొడి మీద నీరై దిగుతుంది. సీసాని డెసికేటర్‌లో గది ఉష్ణోగ్రతకి రానిచ్చి విప్పండి. కరిగించిన ఎంజైముని చిన్న చిన్న గొట్టాల్లో పంచి పెట్టుకోండి, గడ్డకట్టించి కరిగించే పని పదే పదే చేయొద్దు. ఎంజైము బతికే ఉందో లేదో తెలుసుకోవడానికి ఫీనాల్, 4-అమైనోఆంటిపైరిన్, పెరాక్సిడేజ్ కలిపి 505 నానోమీటర్ల దగ్గర రంగు చూడండి. రక్తపరీక్షల ల్యాబుల గ్లూకోజ్ కిట్టులో జరిగేదీ ఇదే చర్య. ఆ కిట్టు రీయేజెంట్‌ని మాత్రం ఎలక్ట్రోడ్‌కి ఎంజైముగా వాడకండి, అందులో పెరాక్సిడేజ్, రంగు పదార్థాలు కలిసి ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు: పిఠాపురం_బయోటెక్

చాలా థ్యాంక్సండి. ఇంకో మూడు సందేహాలు. నానోట్యూబుల మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ మీడియేటర్ లేకుండానే నేరుగా ఎలక్ట్రాన్ ఇస్తుందని చాలా పేపర్లలో ఉంది, మా గైడ్ గారు కూడా ఆ దారిలో చేయమంటున్నారు. కైటోసాన్, బొగ్గు సంగతి ఎవరూ చెప్పలేదు. సెన్సర్‌కి సర్క్యూట్ ఏది పెట్టాలి?

జవాబు: గౌతమి_ఎలక్ట్రోకెమ్

ఆ పేపర్లలో చూపించేది, వోల్టేజీని పైకీ కిందకీ తిప్పుతూ కరెంటు గీసిన గ్రాఫులో (సైక్లిక్ వోల్టామెట్రీ), సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ మీద మైనస్ 0.45 వోల్టుల దగ్గర వచ్చే జంట శిఖరాలు. ఎంజైములోంచి ఊడిపడి కార్బన్‌కి అంటుకున్న ఎఫ్‌ఏడీ కూడా సరిగ్గా అక్కడే శిఖరం ఇస్తుంది. 2018లో బార్ట్‌లెట్, అల్-లొలాగే అనే పరిశోధకులు ఈ వాదనలన్నిటినీ పరిశీలించి, సహజ గ్లూకోజ్ ఆక్సిడేజ్ నానోట్యూబులకి గాని గ్రాఫీన్‌కి గాని నేరుగా ఎలక్ట్రాన్ ఇస్తుందనడానికి ఆధారం లేదని తేల్చారు. మీ గైడ్ గారికి వాదన కంటే ప్రయోగం చూపించండి. నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తీసేసిన ద్రావణంలో సైక్లిక్ వోల్టామెట్రీ చేయండి, తర్వాత 50 మిల్లీమోలార్ గ్లూకోజ్ కలపండి. నిజంగా నేరుగా ఇస్తుంటే ఆ పొటెన్షియల్ దగ్గర ఆక్సీకరణ కరెంటు పెరగాలి. శిఖరాలు అలాగే ఉండిపోతే అది ఊడిన ఎఫ్‌ఏడీయే. గాలి ఉన్న ద్రావణంలో గ్లూకోజ్ కలిపితే క్షయకరణ శిఖరం తగ్గుతుంది. దాన్ని చాలామంది రుజువుగా చూపిస్తారు, కానీ ఎంజైము ఆక్సిజన్‌ని తినేసినా అలాగే తగ్గుతుంది.

అయితే 2011లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ బృందం మీడియేటర్ లేకుండా గ్లూకోజ్ ఆక్సిడేజ్, కేటలేజ్, నానోట్యూబులు కలిపి ప్రెస్‌లో బిళ్ళలుగా నొక్కి, 0.95 వోల్టులు, చ.సెం.మీ.కి 1.3 మిల్లీవాట్ల దాకా చూపించింది. మీరు హైడ్రాలిక్ ప్రెస్ దొరికితే బిళ్ళ పద్ధతి ప్రయత్నించండి, బాగుంటుంది, కానీ అందులోనూ నాఫ్తోక్వినోన్ కలపండి. నేరుగా ఎలక్ట్రాన్ ఇవ్వడం మీద పని చేయాలని గట్టిగా ఉంటే గ్లూకోనోబాక్టర్ ఫ్రక్టోజ్ డీహైడ్రోజినేజ్ తీసుకోండి. దానికి హీమ్ (ఇనుము ఉన్న భాగం) ఉంది, అది నిజంగానే కార్బన్‌కి నేరుగా ఇస్తుంది.

బొగ్గు: పొయ్యిలో కాల్చిన కొబ్బరి చిప్ప బొగ్గు ముక్కకి మల్టీమీటర్ పెట్టండి, మెగాఓమ్‌లలో చూపిస్తుంది. గాలి తగలకుండా 900 డిగ్రీల దాకా కాల్చినదైతేనే కరెంటు సాఫీగా వెళ్తుంది. ఆనోడ్‌కి నేను సిఫార్సు చేయను. దాని రంధ్రాల్లో చాలావరకు ఎంజైము పట్టనంత సన్నవి. ఉపరితలం గ్రాముకి వెయ్యి చ.మీ. ఉందని కరపత్రం చెప్పినా ప్రోటీనుకి అందేది కొంచెమే. కాథోడ్‌కి మాత్రం మంచి సరుకు. కొబ్బరి చిప్ప యాక్టివేటెడ్ కార్బన్ పొడి, బరువులో 10 శాతం టెఫ్లాన్, 5 నుంచి 10 శాతం కార్బన్ బ్లాక్ కలిపి ముద్దచేసి స్టీలు జల్లెడ మీద రోలరుతో పరచండి. ఇది లాకేజ్ లేకుండానే గాలి కాథోడ్‌గా పనిచేస్తుంది, క్లోరైడ్‌కి భయపడదు. వోల్టేజీ లాకేజ్ కంటే తక్కువ వస్తుంది, సెల్‌ని పూర్తి ఎంజైము సెల్ అనలేం. కానీ బొండం నీళ్ళతో నడిచే సెల్ కావాలంటే ఇదే దారి.

జవాబు: వశిష్ఠ_ఎంజైమ్

కైటోసాన్ పనికొస్తుంది, బాగా పనికొస్తుంది. పొట్టు నుంచి మీరే తీద్దామనుకోకండి. ఆమ్లంతో సున్నం తీయాలి, పలుచని క్షారంతో ప్రోటీను తీయాలి, ఆ తర్వాత 40 నుంచి 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో 100 డిగ్రీల దగ్గర ఉడకబెట్టాలి. ప్రమాదకరమైన పని, చివర మిగిలే బూడిదా క్లోరైడూ మళ్ళీ మీకే తలనొప్పి. డీఎసిటైలేషన్ 85 శాతం ఉన్నది కొనుక్కోండి. 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 1 శాతం కైటోసాన్, రాత్రంతా కలియబెట్టి పలుచటి గుడ్డలో వడకట్టండి. అలాగే ఎంజైము మీద పోస్తే పీహెచ్ మరీ తక్కువ. పలుచని సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేస్తూ 5.5కి తెండి. 6.2 దాటించొద్దు, గడ్డలు గడ్డలుగా విరిగిపోతుంది. చ.సెం.మీ.కి 20 మైక్రోలీటర్లు చాలు. మందంగా పోస్తే గ్లూకోజ్ లోపలికి వెళ్ళడం ఆలస్యమై కరెంటు పడిపోతుంది.

పైన 0.25 శాతం గ్లుటరాల్డిహైడ్ 5 మైక్రోలీటర్లు వేస్తే వల బిగుస్తుంది. 25 శాతం స్టాక్‌ని 100 రెట్లు పలుచన చేస్తే అది వస్తుంది. ఎక్కువైతే ఎంజైము బిగుసుకుని చచ్చిపోతుంది. ట్రిస్ బఫర్, గ్లైసీన్ దగ్గరికి రానివ్వకండి, గ్లుటరాల్డిహైడ్‌ని అవే తినేస్తాయి. అరగంట ఆగి బఫర్‌తో 3 సార్లు కడగండి.

జవాబు: అమలాపురం_సర్క్యూట్

కరెంటు వైపు నేను చెబుతానండి. ఒక మంచి సెల్ 25 మైక్రోవాట్లు నిలకడగా ఇస్తోందనుకుందాం. దాన్ని నేరుగా సెన్సర్‌కి కలపలేరు, పోగుచేసి వాడాలి. వోల్టేజీ పెంచే కన్వర్టర్‌లో సగం పోతే 12.5 మిగులుతాయి. ఒక ఎల్‌ఈడీ మెరుపు, 10 మిల్లీఆంపియర్లు, 2 వోల్టులు, 10 మిల్లీసెకన్లు, అంటే 200 మైక్రోజౌళ్ళు: 16 సెకన్లకి ఒకటి. తక్కువ పవర్‌తో దూరం పంపే లోరా రేడియో ఒకసారి మాట్లాడాలంటే 3.3 వోల్టుల దగ్గర 40 మిల్లీఆంపియర్లు 60 మిల్లీసెకన్లు అనుకుంటే 8 మిల్లీజౌళ్ళు: దాదాపు 11 నిమిషాలకి ఒక రీడింగు. చెరువు నీటి ఉష్ణోగ్రతకి ఇది సరిపోతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు మాత్రం దీనితో ఆశించకండి.

20 మిల్లీవోల్టుల నుంచే మొదలవుతుందని ఎల్‌టీసీ 3108 చిప్ చూసి మురిసిపోతారు. దాని ఇన్‌పుట్ నిరోధం కొద్ది ఓమ్‌లే. అది థర్మోఎలక్ట్రిక్ బిళ్ళల కోసం చేసినది. మీ సెల్ లోపలి నిరోధం కిలోఓమ్‌లలో ఉంది కాబట్టి వోల్టేజీ నేలకి పడిపోతుంది. గరిష్ఠ పవర్ పాయింట్‌ని మనం అమర్చుకోగలిగే బీక్యూ25504 లాంటి బూస్ట్ హార్వెస్టర్ (తక్కువ వోల్టేజీని పెంచి పోగుచేసే చిప్) తీసుకుని, దాన్ని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీలో, అంటే లోడ్ లేనప్పటి వోల్టేజీలో, 50 శాతానికి పెట్టండి. ఇలాంటివి మొదలవడానికి కొన్ని వందల మిల్లీవోల్టులు కావాలి కాబట్టి రెండు మూడు సెల్స్ సిరీస్‌లో అవసరం. సిరీస్‌లో కలిపేవి ఒకే బీకరులో ఉండకూడదు. ద్రావణం గుండా అవి ఒకదానికొకటి షార్ట్ అయిపోతాయి. ఒక్కో సెల్‌కి ఒక్కో కప్పు, కప్పుల మధ్య తడి కూడా తగలకూడదు. 2007లో సోనీ చూపించిన గ్లూకోజ్ బ్యాటరీ కూడా 39 మి.మీ. ఘనాకారపు సెల్. ఒక్కోటి 50 మిల్లీవాట్లు, నాలుగింటిని సిరీస్‌లో కలిపి మ్యూజిక్ ప్లేయర్ నడిపారు.

పోగుచేసే కెపాసిటర్ విషయంలో జాగ్రత్త. మామూలు ఎలక్ట్రోలిటిక్‌లో కారిపోయే కరెంటు కొన్ని మైక్రోఆంపియర్లు ఉంటుంది, మీ సంపాదనలో పెద్ద వాటా అదే తినేస్తుంది. సిరామిక్ కెపాసిటర్లని పక్కపక్కన కలపండి, లేదా తక్కువ లీకేజీ సూపర్ కెపాసిటర్ తీసుకుని వాడే ముందు ఒక రోజు చార్జిలో ఉంచండి.

జవాబు: గౌతమి_ఎలక్ట్రోకెమ్

గట్టు మీద పెట్టే ముందు బఫర్ లెక్క ఒకటి మిగిలింది. గ్లూకోజ్ ఆక్సీకరణలో పుట్టే గ్లూకోనోలాక్టోన్ నీటిలో గ్లూకోనిక్ ఆమ్లమవుతుంది, అంటే ఒక్కో గ్లూకోజ్‌కి ఒక ఆమ్లం. ఉదాహరణకి పీహెచ్ 7 దగ్గర 0.1 మోలార్ ఫాస్ఫేట్ సుమారు 49 మిల్లీమోలార్ ఆమ్లం భరించేసరికే పీహెచ్ 6కి దిగుతుంది. మీ 100 మిల్లీమోలార్ గ్లూకోజ్‌లో సగం ఖర్చయ్యేసరికి అంత దూరం. కరెంటు కోసం ఖర్చయ్యేది తక్కువే గాని, గాలిలో ఆక్సిజన్‌తో ఎంజైము ఊరికే తగలబెట్టేది ఎక్కువ. సిట్రేట్ బఫర్‌కీ ఇదే నియమం. కరెంటు తగ్గినప్పుడు ముందు పీహెచ్ చూడండి, తర్వాతే ఎంజైముని అనుమానించండి. పీహెచ్ సరిగ్గా ఉండీ కరెంటు తగ్గితే ద్రావణం రంగు చూడండి. ఆకుపచ్చ నీలం కలిసిన ఛాయ వస్తే కాథోడ్ నుంచి ఏబీటీఎస్ ఊడి ద్రావణంలోకి దిగుతోందని అర్థం. అది ఆనోడ్ దగ్గరికి చేరితే ఫెర్రిసయనైడ్ చేసిన పనే ఇదీ చేస్తుంది. అప్పుడు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య డయాలసిస్ పొర ఒకటి పెట్టినా ఏబీటీఎస్ ఆగదు, అది చిన్న అణువు. కాథోడ్ విప్పి, ఏబీటీఎస్ వేసి ఆరాక లాకేజ్ వేయకముందు బఫర్‌తో రెండు మూడు సార్లు, నీటికి రంగు అంటనంతవరకు కడిగి, మళ్ళీ కట్టండి.